మొదటి ట్రెయిల్‌లోనే బండి దిగబడింది. ముందు వించ్ కొనాలా, టైర్లా?

కొత్తచక్రం:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. నాది డబుల్ క్యాబ్ పికప్, ఫోర్ బై ఫోర్. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ఏమీ మార్చలేదు. పోయిన ఆదివారం మరో రెండు బళ్లతో కలిసి మొదటిసారి అడవి దారిలోకి దిగాను.

గంటన్నర బాగానే సాగింది. తర్వాత ఒక పల్లంలో బురద వచ్చింది. ముందు బండి దాటింది కదా అని నేనూ ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో తిరిగే గేరు) పెట్టి అదే గాడిలో పోనిచ్చాను. సగం దూరం పోయేసరికి ముక్కు కిందికి వంగినట్టయింది, ఇంక కదల్లేదు. యాక్సిలరేటర్ తొక్కాను. చక్రాలు గిర్రున తిరిగాయి గానీ బండి ఇంకా కిందికే పోయింది. దిగి చూస్తే వెనక ఇరుసు మట్టిలో కూరుకుపోయి ఉంది. తలుపు కింది అంచుకీ బురదకీ మధ్య జానెడు కూడా లేదు.

వెనక బండాయన తాడు తీసి నా బండి వెనకున్న ట్రెయిలర్ బాల్‌కి, అంటే ట్రెయిలర్‌ని జోడించే ఇనుప గుండుకి, తగిలించాడు. రెండుసార్లు మెల్లిగా లాగితే రాలేదు. మూడోసారి తాడు వదులు చేసుకుని, రివర్స్‌లో ఊపు మీద ఒక్క గుంజు గుంజాడు. టప్‌మని చప్పుడైంది, బండి బయటికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది, ఇంటికొచ్చాక కూడా టెన్షన్ తగ్గలేదు.

ఈ ఏడాదికి ఒక్క పెద్ద వస్తువే కొనగలను. ఒకరు మడ్ టైర్లు అంటున్నారు, ఒకరు బండిని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్ అంటున్నారు, బండికి బిగించి మోటారుతో తాడు చుట్టి లాగే వించ్ ఉంటే ఎవరి సాయమూ అక్కర్లేదని ఇంకొకరు. ఏది ముందు? ఈ సరదా వదులుకోవాలని లేదు. ఆ గంటన్నర నాకు చాలా నచ్చింది.

ఎర్రమట్టి:

టైర్లే బ్రదర్. నేలని తాకేవి అవే కదా. కానీ మడ్ టైర్లకి తొందరపడకు. రోజూ ఆఫీసుకి వెళ్లే బండి అయితే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ చాలు. మడ్ టైరు తారురోడ్డు మీద హోరు పెడుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే పట్టు తక్కువ. లిఫ్ట్ మాత్రం ఇప్పుడే వద్దు. బరువు పైకి పోతుంది, పక్కవాలులో బండి ఒరిగే భయం పెరుగుతుంది.

నిదానమే4:

తమ్ముడూ, నీ వయసెంతో తెలీదు గానీ తమ్ముడనే పిలుస్తాను. టైర్లు, వించ్ సంగతి తర్వాత చెప్తాను. నువ్వు రాసిన దాంట్లో నన్ను ఆపేసింది ఆ టప్‌మన్న చప్పుడు. నీ టెన్షన్ తగ్గకపోవడం మంచిదే. అది తగ్గకూడదు.

తొమ్మిదేళ్ల కిందటి మాట. నాదీ అచ్చం ఇలాగే, ముక్కు ముందుకి దిగబడింది. నా స్నేహితుడు వెనక నుంచి లాగడానికి వచ్చాడు. నా బండి వెనకున్న బాల్‌కి తాడు వేశాం, అవతలి కొస వాడి ముందు హుక్కుకి. రెండో గుంజుకి బాల్ విరిగింది. సాగిన తాడు దాన్ని ఒడిసెలలో రాయిలా విసిరింది. అది గాల్లో వెళ్లడం మా ఇద్దరికీ కనిపించలేదు. వాడి ముందు అద్దంలో ఎడమ పక్క ఒక రంధ్రం, ఆ సీటులో తల ఆనించే దిండులో పిడికిలి పట్టేంత చిల్లు. ఆ సీటులో అప్పటిదాకా వాడి కొడుకు ఉన్నాడు, పదకొండేళ్ల పిల్లాడు. దిగమని వాడికి నేను చెప్పలేదు, వాళ్ల నాన్నా చెప్పలేదు. బురదలో చక్రం ఎలా ఉందో చూడాలని వాడే దిగాడు. ఆ చిల్లులో నా వేళ్లు పెట్టి చూశాను. లోపల స్పాంజి ఇంకా వెచ్చగా ఉంది.

అందుకే ఎవరు కొత్తగా వచ్చినా ముందు ఇదే చెప్తాను. బండి దిగబడితే పోయేది కాస్త సమయం, అంతే. మనుషులకి దెబ్బలు తగిలేది లాగేటప్పుడు. ట్రెయిలర్ బాల్‌ని తయారు చేసింది ట్రెయిలర్ బరువుని నిలకడగా మోయడానికి, కుదుపుని తట్టుకోవడానికి కాదు. ఊపు మీద లాగినప్పుడు వేగం రెట్టింపైతే దాని వెనకుండే శక్తి నాలుగింతలవుతుంది. ఆస్ట్రేలియాలో ఇలా బాల్ విరిగి ఎగిరొచ్చి ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. బాల్‌కి తాడు వేయొద్దని అక్కడివాళ్లు పదేపదే చెప్పేది అందుకే.

ఇప్పుడు నీ బురద సంగతి. బండి ఆగిపోయిందని తెలిసిన క్షణం కాలు తీసెయ్యాలి. ఆ తర్వాత చక్రం తిప్పిన ప్రతి సెకనూ నువ్వు తవ్వే గొయ్యే. నీ ఇరుసు మట్టిలో కూరుకుంది నువ్వు యాక్సిలరేటర్ తొక్కాకే, నీ మాటల్లోనే ఉంది. ముందు దిగు, చుట్టూ తిరిగి చూడు, ఏది దేనికి తట్టిందో కనిపెట్టు. తర్వాత టైర్లలో గాలి తియ్యి. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉంటే ట్రెయిల్ మొదట్లోనే 18, 20 దాకా దించాల్సింది. గాలి తగ్గితే టైరు నేలకి ఆనే భాగం పొడవునా పెరుగుతుంది, రాయి ఉంటే రాయి చుట్టూ ముడుచుకుని పట్టుకుంటుంది. మామూలు రిమ్ముల మీద 15 కన్నా కిందికి మాత్రం పోవద్దు, పక్క ఒత్తిడికి టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదముంది. గాలి తక్కువున్నప్పుడు నెమ్మదిగానే నడపాలి. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ పూర్తిగా నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది.

ఆ తర్వాత పార. బళ్లు బయటికి తీసే పనిలో ఉన్నవాళ్లు చెప్పే లెక్క ఒకటుంది. చక్రాల లోతు దాకా దిగబడితే లాగడానికి సుమారు బండి బరువంత బలం కావాలి, చక్రం పైనుండే ఫెండర్ దాకా మునిగితే దానికి రెట్టింపు. ఇరుసు చుట్టూ, చక్రాల వెనకా పావుగంట తవ్వితే ఆ లెక్క నీ వైపుకి తిరుగుతుంది. బురద పట్టు కూడా వదులుతుంది. నువ్వు వచ్చిన గాడిలోనే వెనక్కి రావడం అన్నిటికన్నా తేలిక. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు) పెట్టు, రికవరీ బోర్డులుంటే, అంటే పట్టునిచ్చే గరుకు పలకలుంటే, చక్రాల కింద తోసి మెల్లిగా కదిలించు. నన్నడిగితే సగానికి పైగా బళ్లు ఇక్కడితోనే, తాడు తియ్యకుండానే బయటికొస్తాయి.

అప్పటికీ రాకపోతేనే తాడు. సాగని పాలియెస్టర్ బెల్టు వేరు, సాగే నైలాన్ కైనెటిక్ తాడు వేరు. కుదుపుతో లాగడానికి రెండోదే వాడాలి, అది 30 శాతం దాకా సాగి బలాన్ని మెల్లగా అందిస్తుంది. మీవాళ్లు ఏది వాడారో రాయలేదు. దానితో కూడా ఊపందుకుని గుంజనక్కర్లేదు. ఒకటి రెండు మీటర్ల వదులు చాలు, మొదటి గేరులో కదిలితే చాలు. రెండు బళ్లకీ ఛాసిస్‌కి బిగించిన రేటెడ్ రికవరీ పాయింట్‌కే, అంటే ఎంత బరువు తట్టుకుంటుందో అంకె ఉన్న కొక్కేనికే, తగిలించాలి. రెండు తాళ్లు కలపాలంటే మధ్యలో ఇనుప షాకిల్ (తాళ్లు తగిలించే కొక్కెం) పెట్టొద్దు. తాడు తెగితే అదే తూటా అవుతుంది. చూసేవాళ్లందరూ తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకి నిలబడాలి. బండిలో డ్రైవర్ తప్ప ఎవరూ ఉండకూడదు, పిల్లలైతే అసలు వద్దు.

కాబట్టి నీ ప్రశ్నకి నా జవాబు, ఆ మూడింట్లో ఏదీ ఇప్పుడు కొనొద్దు. గాలి కొలిచే గేజీ, చిన్న కంప్రెసర్, పొడుగు పిడి పార, ఒక కైనెటిక్ తాడు, తాడుతో అల్లిన రెండు సాఫ్ట్ షాకిల్స్, రెండు బోర్డులు. ఇవన్నీ కలిపినా మంచి వించ్ ఖరీదు కాదు.

ఒంటరిబండి:

నిదానమే4 గారితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఒక్క మాట. తోడు బండి ఉన్నప్పుడు ఇదంతా సరే. నేను ఒక్కడినే వెళ్తాను. నాకు వించ్ లేకపోతే ఆ రాత్రి అక్కడే. ఎవరో వచ్చి ఊపు మీద గుంజడం కన్నా నిమిషానికి కొన్ని మీటర్ల చొప్పున లాగే వించ్ చాలా సురక్షితం కూడా.

నిదానమే4:

నిజమే అండీ, ఒంటరిగా వెళ్లేవారికి వించ్ ఉండాల్సిందే. నెమ్మదిగా లాగుతుందన్నది కూడా నిజం. అయితే ఈ తమ్ముడు ఇంకా ఒంటరిగా వెళ్లడం లేదు, వెళ్లకూడదు కూడా. కొనే రోజు వచ్చినప్పుడు లెక్క ఇది: సామానుతో సహా బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు. మూడు టన్నుల బండికి నాలుగున్నర టన్నులు, అంటే పది వేల పౌండ్ల వించ్. ఆ బలం కూడా తాడు చుట్టుకునే డ్రమ్ము మీద చివరి వరస మిగిలినప్పుడే పూర్తిగా వస్తుంది. పై వరసల్లో తగ్గుతూ పోతుంది. పుల్లీ బ్లాక్ వేస్తే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం. చెట్టుకి కట్టేటప్పుడు వెడల్పు బెల్టు వెయ్యాలి, వట్టి తాడు చుడితే బెరడు ఒలిచేస్తుంది. బెరడు చుట్టూ ఊడిపోతే చెట్టు చచ్చిపోతుంది. ఇరవై నిమిషాల మన అవసరానికి అది చావకూడదు కదా.

రాళ్లదారి:

చెట్టు మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. కొత్తచక్రం గారూ, ఈ భయంతో వచ్చేసారి బురద పక్కనుంచి గడ్డి మీదుగా తప్పించుకుని వెళ్లాలనిపిస్తుంది. వద్దండీ. ఒకరు వెళ్తే మరొకరు వెళ్తారు, రెండు సీజన్లకి ఒక బండి దారి నాలుగు బళ్ల వెడల్పు అవుతుంది, తర్వాత దారినే మూసేస్తారు. అమెరికాలో అటవీ శాఖ 1985లో ట్రెడ్ లైట్లీ అని మొదలుపెట్టింది ఇలాంటి నష్టం చూసే. దాటగలిగితే మధ్యలోంచే దాటండి, నమ్మకం లేకపోతే వెనక్కి తిరగండి. నేను చాలాసార్లు తిరిగాను.

ఇంకోటి, ముందు బండి దాటిందని దిగారు చూశారా, ఆ బండి ఎత్తు వేరు, టైర్లు వేరు. పైగా అది వెళ్లాక గాడి ఇంకాస్త లోతయింది. కాలినడకన వెళ్లి కర్రతో లోతు చూడండి. రాళ్ల మీదైతే కింద నిలబడి దారి చూపే స్పాటర్ ఒక్కరే ఉండాలి, ఇద్దరు చేతులు ఊపితే ఎవరిది వినాలో తెలీదు. రాయిని రెండు చక్రాల మధ్యకి తీసుకోకూడదు, ఇరుసు మధ్యలో కిందికి ఉబ్బి ఉండే గుండు దానికి తగులుతుంది. చక్రాన్నే రాయి మీదికి ఎక్కించాలి. నాకు ఇది ఒంటబట్టడానికి ఏడాది పట్టింది. మనసెప్పుడూ రాయిని తప్పించమనే చెప్తుంది. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి పెట్టకండి. చక్రం రాయికి తగిలి స్టీరింగ్ విసురుగా తిరిగితే వేలు విరుగుతుంది.

కొత్తచక్రం:

అందరికీ చాలా థాంక్స్. నిదానమే4 అన్నా, నీ పోస్టు రెండుసార్లు చదివి, టార్చి తీసుకుని బండి కిందికి దూరాను. బాల్ మెడ దగ్గర, నట్టుకి కాస్త పైన, వెంట్రుక వాసి గీత ఒకటుంది. పెయింటు గీత అనుకుని గుడ్డతో తుడిచాను. పోలేదు. గోరు పెట్టి అడ్డంగా గీస్తే గోరు తట్టుకుంటోంది. చాలాసేపు అక్కడే పడుకుని ఉండిపోయాను.

ఇంకో అనుమానం. ముందు బంపర్ కింద కమ్మీ వంచి చేసిన కొక్కెం లాంటిది ఉంది. నేను ఇన్నాళ్లూ అదే రికవరీ పాయింట్ అనుకున్నాను. మాన్యువల్ తీసి చూస్తే, బండిని లారీలో ఎక్కించినప్పుడు కదలకుండా కట్టడానికి అని రాసి ఉంది. దానికి తాడు వెయ్యొచ్చా?

నిదానమే4:

వెయ్యొద్దు తమ్ముడూ. అది బండిని కిందికి బిగించి కట్టడానికే. ముందుకి లాగితే వంగుతుంది, లేదా ఊడొస్తుంది. నీ జాబితాలో అన్నిటికన్నా పైన రాసుకో: ఛాసిస్‌కి బోల్టులతో బిగించే రేటెడ్ పాయింట్లు, ముందు రెండు. వెనక ట్రెయిలర్ తగిలించే హిచ్ గొట్టం ఉంటే దాంట్లోకి దూరే షాకిల్ బ్లాక్ దొరుకుతుంది, అది చాలు. ఎంత బరువుకి రేటు చేశారో వాటి మీదే చెక్కి ఉంటుంది, అంకె లేనిది తీసుకోవద్దు. ఆ బాల్ ఇవాళే విప్పెయ్. ట్రెయిలర్‌కి కూడా వాడొద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు. మీవాళ్లలో లాగినాయనకి ఆ గీత ఫోటో పంపు. తిట్టడానికి కాదు, ఆయన రేపు ఇంకెవరినో అలాగే లాగుతాడు.

కొత్తచక్రం:

విప్పేశాను అన్నా. నట్టు తుప్పు పట్టి అరగంట సతాయించింది. ఫోటో పంపాను. ఆయన ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత తన బండి వెనక బాల్ కూడా చూస్తానని ఫోన్ పెట్టేశాడు.