సెప్టెంబర్‌లో దక్షిణ థాయ్‌లాండ్: బ్యాగు తగిలించుకుని వెళ్లొచ్చా, ఆగాలా?

సంచారి:
సెప్టెంబర్‌లో సెలవులు దొరికాయి. నేనూ, నా స్నేహితుడూ ఫుకెట్, క్రాబీ, ఫిఫీ దీవులు తిరిగొద్దామని అనుకుంటున్నాం. ఫిఫీలోని మాయా బే బీచ్ చూడాలని బాగా ఆశ. సగం మంది వానాకాలం, వద్దంటున్నారు. మిగతా సగం జనం ఉండరు, అప్పుడే వెళ్లమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఖాళీతీరం:
నిశ్చింతగా వెళ్లండి. అక్కడ వాన చాలావరకు కాసేపు దంచికొట్టి తెరిపిస్తుంది. హాస్టల్‌లో బెడ్ ముందుగా బుక్ చేయక్కర్లేదు, రేట్లూ తగ్గుతాయి. డిసెంబర్, జనవరిలో వెళితే బీచ్‌లో టవల్ పరుచుకునే చోటు కోసం వెతుక్కోవాలి. వానకి భయపడేవాళ్లు బ్యాక్‌ప్యాకింగ్ ఏం చేస్తారండీ?

ఒడ్డుమనిషి:
వాన సంగతి సరే, సముద్రం మాటేమిటి? 2018 జులై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే టూరిస్టు బోటు తుఫాను గాలికి మునిగి 47 మంది చనిపోయారు. ఆ సీజన్‌లో అండమాన్ సముద్రం అలా ఉంటుంది. కొత్తవాళ్లకి "నిశ్చింతగా వెళ్లండి" అని చెప్పడం నాకు అస్సలు నచ్చలేదు.

రెండుగట్లు:
మీరిద్దరూ ఒక్క గట్టు గురించే వాదించుకుంటున్నారు. దక్షిణ థాయ్‌లాండ్‌కి రెండు తీరాలున్నాయి. పడమర అండమాన్ సముద్రం, తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి రుతుపవనాలు నేరుగా పడమటి తీరానికి తగులుతాయి. మధ్యలో కొండలు అడ్డం కాబట్టి తూర్పున ఆ జోరు ఉండదు. అక్టోబర్ నుంచి ఈశాన్య గాలులు మొదలవుతాయి, అప్పుడు తడిసేది తూర్పు వైపు దీవులు కో సముయ్, కో ఫంగన్, కో టావ్. అక్కడ నవంబర్‌లో వానలు మరీ ఎక్కువ.

కాబట్టి సంచారి గారూ, సెప్టెంబర్ అయితే గల్ఫ్ వైపు వెళ్లండి. మీరు ఆశపడ్డ మాయా బేని ఎలాగూ ఆగస్టు, సెప్టెంబర్‌లలో మూసేస్తున్నారు. జనం తాకిడికి పగడాలు దెబ్బతిని 2018లో మూసేసి, 2022 జనవరిలో మళ్లీ తెరిచారు. అప్పటినుంచి ఏటా ఈ విరామం ఇస్తున్నారు, ఇవ్వాలి కూడా. పడమటి వైపే ఉన్న సిమిలన్ దీవులైతే మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూతే.

ఖాళీతీరం:
మాయా బే సంగతి ఒప్పుకుంటాను. కానీ పడమర మొత్తాన్ని కొట్టిపారేయకండి. క్రాబీ ఊళ్లో ఉండి, ఈతకి దిగకుండా, సున్నపురాతి కొండలూ గుహలూ చూసేవాళ్లకి వాన అడ్డేం కాదు. పచ్చదనం అప్పుడే బాగుంటుంది.

ఒడ్డుమనిషి:
"ఈతకి దిగకుండా" అన్నారు చూడండి, మొదటే చెప్పాల్సిన మాట అది. ఎర్రజెండా ఉంటే మోకాలి లోతుకి కూడా దిగొద్దు. జెండా లేనిచోట కాసేపు నిలబడి అలల్ని గమనించండి. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీలా నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. కొత్తవాళ్లు అది ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. లోపలికి లాక్కెళ్లే రిప్ కరెంట్ ఉండేది అక్కడే. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒంట్లో సత్తువంతా పోతుంది. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక వెనక్కి రండి. ఈత రాకపోతే నీళ్లమీద తేలుతూ చెయ్యెత్తి పిలవండి.

ఇంకోటి, స్కూటర్. తడిరోడ్డు, పైగా దీవుల్లో నిటారు ఎత్తులు. మీ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో మోటార్‌సైకిల్ లేకపోతే, ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేసే అవకాశం ఎక్కువ.

సంచారి:
అయితే గల్ఫే ఖాయం చేశాం. బ్యాంకాక్ నుంచి ఎలా వెళ్లడం మంచిది?

రెండుగట్లు:
రాత్రి రైలు ఎక్కండి. ముందు కో టావ్ చూడాలంటే చుంఫోన్‌లో దిగి ఫెర్రీ, సముయ్ అయితే సూరత్‌థానీలో దిగి డోన్‌సాక్ రేవుకి బస్సు. వాతావరణం బాగోకపోతే సూరత్‌థానీ నుంచి ఖావ్ సోక్ అడవికి బస్సులో వెళ్లొచ్చు, అక్కడి చియో లాన్ జలాశయం చాలా అందంగా ఉంటుంది. అయితే అక్కడి కొన్ని గుహల్లోకి వానాకాలంలో వరద వస్తుంది, రేంజర్లు వద్దంటే బతిమాలొద్దు. తిరుగు విమానానికి ముందురోజే దీవి వదిలి గట్టు మీదికి వచ్చేయండి. ఫెర్రీ రద్దయితే ఆ టెన్షన్ పడలేరు.