వేట లైసెన్సు ఫీజుతో అడవి జంతువుల సంరక్షణ: మన దగ్గర కుదురుతుందా?

సిరోంచ రైతు:
మహారాష్ట్రల ప్రాణహిత ఒడ్డున మా సిరోంచ తాలూకాలో పత్తి, మిర్చి, వరి ఏదేసినా అడవి పందులు ఉంచుత లేవు. అమెరికాలో వేట లైసెన్సులు అమ్మి, ఆ పైసలతోనే అడవి జంతువులను చూసుకుంటరని ఊర్లో చర్చ నడుస్తున్నది. మన దగ్గర గూడ ఫీజు తీసుకొని పందుల్ని కొట్టనియ్యాలె, ఆ పైసలు పంట నష్టానికి వాడాలె అని గ్రామసభల తీర్మానం పెడదామంటున్నరు. ఇది చట్టం ముందు నిలుస్తదా? అక్కడ ఆ పైసలు నిజంగ జంతువులకే పోతయా?

గోదారి గట్టు:
రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అక్కడ లైసెన్సు ఫీజు ఒక్కటే కాదు, దానికి జోడీగా పన్ను కూడా ఉంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం పొడవు తుపాకులు, తూటాల మీద 11 శాతం, పిస్తోళ్ల మీద 10 శాతం తయారీదారు దగ్గరే వసూలు చేస్తారు. ఆ పన్నులో పెద్ద భాగాన్ని అక్కడి రాష్ట్రాలకు పంచేటప్పుడు సగం విస్తీర్ణాన్ని బట్టి, సగం లైసెన్సు కొన్నవాళ్ల సంఖ్యను బట్టి లెక్క కడతారు. సంరక్షణ పని ఖర్చులో 75 శాతం దాకా అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 25 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి, ఎక్కువగా లైసెన్సు ఫీజులోంచే పెడుతుంది.

అసలు బలం ఇంకోచోట ఉంది. లైసెన్సు ఫీజును వన్యప్రాణి శాఖ పనికి తప్ప దేనికీ వాడబోమని రాష్ట్రం తన చట్టంలోనే రాసుకోవాలి. మళ్లిస్తే కేంద్రం వాటా ఆగిపోతుంది. రోడ్లకో వేరే శాఖల జీతాలకో ఆ డబ్బు జారిపోకుండా ఆపుతున్నది ఈ షరతే.

లోపమూ ఉంది. వేటాడేవాళ్లు తగ్గితే ఫీజు తగ్గుతుంది, లెక్కలో తలలు తగ్గి కేంద్రం వాటా కూడా తగ్గుతుంది. పైగా వేటకు పనికొచ్చే జింకలు, బాతుల మీదే శ్రద్ధ పెరిగి, కప్పలు, చిన్న పిట్టల్లాంటివి వెనకబడతాయి.

ఆలాపల్లి వకీలు:
తీర్మానంలో "వేట లైసెన్సు" అని రాస్తే అక్కడే ఆగిపోతుంది. 1972 వన్యప్రాణి చట్టంలో మొదట పెద్ద జంతువులకు, చిన్న జంతువులకు వేర్వేరు లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో వాటిని ఎత్తేశారు. సెక్షన్ 9 ఇప్పుడు పూర్తి నిషేధమే. గ్రామసభ తీర్మానం కేంద్ర చట్టాన్ని దాటలేదు.

మిగిలిన దారి సెక్షన్ 11. అడవి పంది ఇప్పుడు ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. నిలిచిన పంటకు ప్రమాదం చేస్తుంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, ఫలానా ప్రాంతంలో ఫలానా జంతువును లేదా గుంపును చంపడానికి అనుమతి ఇవ్వవచ్చు. ఇది రాతపూర్వకంగా ఉండాలి, నోటిమాట చెల్లదు. గట్టు మీద కరెంటు తీగ పరిచారంటే ఈ అనుమతి ఏదీ కాపాడదు. పులో మనిషో తగిలితే వేరే కేసు, కరెంటు దొంగతనం ఇంకో కేసు. అనుమతి లేకుండా పందిని చంపితే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అర్జీలో సాత్‌బారా (7/12 భూమి రికార్డు) నకలు, గట్ నంబరు (పొలం సర్వే నంబరు), పంట పేరు, తేదీ కనిపించేలా నష్టం ఫోటోలు, ఎన్ని పందులు ఏ వైపు నుంచి వస్తున్నాయో రాసి పెట్టండి. ఫారెస్టు రేంజ్ ఆఫీసులో ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు.

సిరోంచ రైతు:
మరి తుపాకీ లైసెన్సు ఫీజు? పంట కాపలాకు నాటు తుపాకులకు లైసెన్సు ఇస్తరు గద.

ఆలాపల్లి వకీలు:
పంట కాపలాకు మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఆయుధాల చట్టం, 1959 కింద ఇస్తారు. ఆ ఫీజు అడవి శాఖకు రాదు. ఆ లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కూ రాదు, సెక్షన్ 11 అనుమతి విడిగా ఉండాల్సిందే.

గోదారి గట్టు:
డబ్బు కావాలనుకుంటే కొత్త ఫీజు వెతకడం కన్నా ఉన్న నిధి మీద గురిపెట్టండి. తాడోబా పులుల రిజర్వులో సందర్శకుల డబ్బు టైగర్ ఫౌండేషన్‌కు చేరుతుంది, వన్యప్రాణి చట్టంలో సెక్షన్ 38ఎక్స్ అందుకే ఉంది. కానీ ఫౌండేషన్ ఒక్కో పులుల రిజర్వుకే ఉంటుంది, సిరోంచ ఏ రిజర్వులోనూ లేదు. మీకు దగ్గరిది కాంపా నిధి, అంటే పోయిన అడవికి బదులు అడవి పెంచే నిధి. గనులకు, ప్రాజెక్టులకు అటవీ భూమి ఇచ్చినప్పుడు కట్టించుకునే సొమ్ములో 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి వెళ్తుంది. అందులో నికర ప్రస్తుత విలువ (పోయిన అడవికి లెక్కగట్టిన వెల) కింద వచ్చినదాంట్లో కనీసం 80 శాతం అడవి, వన్యప్రాణుల నిర్వహణకే ఖర్చుపెట్టాలని 2018 నిబంధనల్లో ఉంది. మీ అటవీ డివిజన్ వార్షిక ప్రణాళికలో ఏ గ్రామానికి ఎంత కేటాయించారో సమాచార హక్కు కింద అడగండి. ఆ కాగితం చేతికి వచ్చాక, సోలార్ కంచెకు గట్ నంబర్లతో సహా తీర్మానం రాయండి.

కంచె వస్తే కింది తీగ నేల నుంచి జానెడు ఎత్తులో ఉండాలి, పంది ముట్టెతో ఎత్తి దూరేది అక్కడే. వానాకాలంలో గడ్డి తీగకు తగిలితే కరెంటు అంతా నేలలోకి పోతుంది. వేసవిలో మట్టి ఎండితే ఎర్తింగ్ కడ్డీల దగ్గర నీళ్లు పోయాలి. చాలా కంచెలు బ్యాటరీ చెడి కాదు, ఈ రెండు పనులూ ఎవరూ చెయ్యక పనికిరాకుండా పోతున్నాయి. అందుకే వాటిని ఎవరు చూస్తారో పేర్లతో సహా తీర్మానంలోనే రాసుకోండి.

సిరోంచ రైతు:
అనుమతితో చంపితే మాంసం పంచుకోవచ్చా అని అందరూ అడుగుతున్నరు.

ఆలాపల్లి వకీలు:
కుదరదు. చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి, సెక్షన్ 39. వెంటనే ఫారెస్టు వాళ్లకు కబురు పెట్టి, పంచనామా అయ్యేదాకా కదిలించకుండా అప్పగించాలి.