కౌంటీ బోర్డు: సభ్యులు ఎందరో ఎవరు తేలుస్తారు? 10 శాతం లెక్క ఎలా?

ప్రశ్న:
అమెరికాలో జనాభా పెరిగితే కౌంటీ (మన జిల్లా లాంటిది) బోర్డులో సీట్లూ పెరుగుతాయా? సభ్యుడికి ఓటేసేది ఆ డిస్ట్రిక్ట్ (కౌంటీలోని ఎన్నికల నియోజకవర్గం) వాళ్లేనా? ఇంకో సంగతి. 52,000 జనాభా, ఐదు డిస్ట్రిక్టులున్న మ్యాపులో పెద్దది 11,300, చిన్నది 9,600. "సగటు నుంచి ఏదీ పది శాతం దాటలేదు" అంటున్నారు. సరేనా?

జవాబు 1:
సీట్లు జనాభాతో వాటంతటవే పెరగవు. రాష్ట్ర రాజ్యాంగం, చట్టం, లేదంటే కౌంటీ చార్టర్ (కౌంటీ సొంత మూల నియమావళి) చెప్పినన్నే ఉంటాయి. టెక్సస్‌లో కౌంటీ బోర్డు అంటే నలుగురు కమిషనర్లు, దానికి అధ్యక్షత వహించే ఒక కౌంటీ జడ్జి. 2020 జనగణనలో 64 మందే ఉన్న లవింగ్ కౌంటీకీ అంతే, 47 లక్షలు దాటిన హారిస్ కౌంటీకీ అంతే. లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఒక్కో సూపర్‌వైజర్ (బోర్డు సభ్యుడు) కింద దాదాపు 20 లక్షల మంది ఉన్నారు. అక్కడ ఐదు సీట్లను తొమ్మిది చేయడానికి 2024 నవంబరులో ఓటర్లే ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఓటు సంగతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఫ్లోరిడాలో చాలా కౌంటీల్లో అభ్యర్థి డిస్ట్రిక్టులో నివాసముండాలి, ఓటు మాత్రం కౌంటీ అంతా వేస్తుంది. మీ చార్టర్‌లో ఈ రెండు షరతులూ విడివిడిగా వెతకండి.

జవాబు 2:
మ్యాపు లెక్క తప్పు. సగటు 10,400. పెద్దది 8.7 శాతం ఎక్కువ, చిన్నది 7.7 శాతం తక్కువ. రెండూ కలపాలి: 1,700 మంది తేడా, అంటే సగటులో 16.3 శాతం. కోర్టులు పది శాతంతో పోల్చేది ఈ మొత్తాన్నే. పది దాటితే కారణం చూపాల్సింది కౌంటీయే. లోపల ఉన్నా పూర్తి రక్షణ లేదు, కావాలని ఒక పక్షానికి మొగ్గేలా గీస్తే సవాలు చేయవచ్చు.

డిస్ట్రిక్టుల జనాభా దాదాపు సమానంగా ఉండాలన్న నియమం కౌంటీలకు వచ్చింది 1968లో, టెక్సస్‌లోని మిడ్లండ్ కౌంటీ కేసులో. అక్కడ ఒక ప్రిసింక్టులో (టెక్సస్‌లో కమిషనర్ డిస్ట్రిక్టు పేరు) 67,906 మంది, మిగతా మూడింటిలో 852, 414, 828. కమిషనర్ మాత్రం ప్రిసింక్టుకు ఒక్కరే! సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

మ్యాపులో జైలు ఉందా?

ప్రశ్న వేసినవారు:
ఉంది. చిన్న డిస్ట్రిక్టులోనే, 1,100 మంది ఖైదీలు.

జవాబు 2:
అయితే తేడా ఇంకా పెద్దది. జనగణన ఖైదీలను జైలున్న చోటే లెక్కేస్తుంది, వాళ్లలో చాలామందికి అక్కడ ఓటుండదు. వాళ్లను తీసేస్తే మొత్తం 50,900, సగటు 10,180, చిన్న డిస్ట్రిక్టు 8,500. తేడా 27.5 శాతానికి చేరుతుంది. ఫ్లోరిడాలోని జెఫర్సన్ కౌంటీ మ్యాపును 2016లో ఫెడరల్ కోర్టు ఇలాంటి కారణంతోనే కొట్టేసింది. కానీ అన్ని రాష్ట్రాల్లో ఖైదీలను తీసేయాలన్న నిబంధన లేదు, ముందు మీ రాష్ట్ర చట్టం చూడండి. 2020 జనగణన పునర్విభజన ఫైలులో పీ5 పట్టిక తెరిస్తే, ఏ బ్లాకులో (జనగణనలో అతి చిన్న ప్రాంతం) ఎందరు ఖైదీలున్నారో సుమారుగా దొరుకుతుంది.