పంది మాంసం నాణ్యత: మగ పందిని కొనే ముందు ఏ జన్యు పరీక్ష అడగాలి?

సబ్బవరం పెంపకందారు:
మా సంకరజాతి పందులలో కొన్నిటి మాంసం కోసిన కొద్దిసేపటికే పాలిపోయి, మెత్తబడి, నీరు వదులుతోందని గాజువాకలోని మాంసం వ్యాపారి చెబుతున్నారు. మేత మార్చలేదు. త్వరలో పీట్రేన్ జాతి రక్తం కలిసిన మగ పందిని కొనబోతున్నాను కనుక, అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

పశువైద్యుడు, విశాఖపట్నం:
మొదట అనుమానించవలసినది ఆర్‌వైఆర్‌1 జన్యువును. పూర్వం పంది పిల్లలకు హాలోథేన్ మత్తు వాయువు పీల్పించి, కాళ్లు బిగుసుకుపోయినవాటిని ఈ జన్యులోపం ఉన్నవిగా వేరుచేసేవారు. 1991లో ఆ జన్యువులోని ఒకే ఒక మార్పు బయటపడిన తరువాత డీఎన్ఏ పరీక్షతోనే తేల్చగలుగుతున్నారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఆ జన్యువు రెండు ప్రతులలోనూ ఈ లోపం ఉన్న పంది బెదిరినా, ఎండకు అలసినా కండరాలలో కాల్షియం అదుపు తప్పుతుంది. వధించిన తరువాత గ్లైకోజన్ అతివేగంగా లాక్టిక్ ఆమ్లంగా మారి, కళేబరం ఇంకా వేడిగా ఉండగానే పీహెచ్ పడిపోవడం (అంటే ఆమ్లత్వం పెరగడం) వల్ల మాంసకృత్తులు దెబ్బతిని నీటిని పట్టి ఉంచలేవు. పీట్రేన్‌లో ఈ లోపం ఎక్కువగా కనిపించేది. ఒకే ప్రతిలో లోపం ఉన్న పంది ఆరోగ్యంగానే తిరుగుతుంది కనుక చూపుతో గుర్తించలేము. అటువంటి రెండింటిని జతకడితే సగటున పిల్లలలో నాలుగో వంతుకు లోపమున్న రెండు ప్రతులూ చేరతాయి. అందువల్ల మీ ఆడ పందులకు కూడా పరీక్ష చేయించండి.

పద్మనాభం రైతు:
డాక్టరుగారి మాట నిజమే, కానీ పరీక్ష ఒక్కటే చాలదని నా అనుభవం. లోపం లేదని తేలిన మగ పంది సంతానమే అయినా, మే నెల మధ్యాహ్నం లారీలో కుక్కి పంపినప్పుడు మాంసం పాలిపోయింది. రాత్రిపూట తరలించి, నీళ్లు చల్లి, వధకు ముందు విశ్రాంతి ఇప్పించడం మొదలుపెట్టాక ఆ ఫిర్యాదు చాలావరకు తగ్గింది.

జన్యుశాస్త్ర విద్యార్థిని, భీమిలి:
హాంప్‌షైర్ జాతి రక్తం ఉంటే పీఆర్‌కేఏజీ3 అనే జన్యువును కూడా చూడాలి. 2000లో అందులో గుర్తించిన ఒక మార్పు వల్ల కండరాలలో గ్లైకోజన్ అధికంగా నిల్వ ఉండి, మరునాటి పీహెచ్ మామూలు కంటే తక్కువకు దిగి, వండినప్పుడు మాంసం బరువు తగ్గుతుంది. మీ మందలో హాంప్‌షైర్ లేకపోతే దానికి డబ్బు పెట్టవద్దు. కండలోని కొవ్వు మాత్రం అనేక జన్యువుల ఉమ్మడి ఫలితం. ఒక్క జన్యు గుర్తును చూపి రుచికి హామీ ఇచ్చే అమ్మకందారును నేను నమ్మను.

సబ్బవరం పెంపకందారు:
ధన్యవాదాలు. పరీక్షకు రక్తమే పంపాలా?

పశువైద్యుడు, విశాఖపట్నం:
వెంట్రుకలైనా సరిపోతాయి, అయితే కత్తిరించకుండా కుదుళ్లతో సహా పీకి, ఒక్కొక్క పందివి విడివిడి పొడి కాగితపు కవర్లలో ఉంచి, చెవి ట్యాగు సంఖ్య రాసి పంపండి.