సమస్యాపూరణం: భాగహీన సంఖ్య భాగమయ్యె

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది, సమస్య నాలుగో పాదం. వస్తువు 4294967297, అంటే 32 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి 1 కలిపితే వచ్చేది. ఇలాగే 1, 2, 4, 8, 16 రెండ్లతో వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే, అంటే భాగహీనాలే. ఇదీ అంతేనని గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ దీన్ని 641 × 6700417గా విడగొట్టాడు.

గణకమిత్ర:
గోత్ర రంధ్ర నేత్ర కుధరము రసములు
నంద వేద నిధులు నయన యుగపు
సంఖ్య నాయిలరుడు చక్కగ విడదీయ
భాగహీన సంఖ్య భాగమయ్యె

నిర్వాహకుడు: కన్నులంటే 2, వేదాలంటే 4 అన్నట్టు వస్తువుల పేర్లతో అంకెలు చెప్పే భూతసంఖ్యా పద్ధతిలో, అంకెలను ఒకట్ల స్థానం నుంచి 7, 9, 2, 7, 6, 9, 4, 9, 2, 4 అని పది పేర్లలో కూర్చడం గొప్ప పని. గోత్రం, కుధరం రెండూ కొండలే, రెండూ 7. గో-కు యతి కూడా కుదిరింది. చిక్కల్లా ‘నయన యుగ’ (2, 4) దగ్గర. చదివేవాడు దాన్ని కన్నుల జంట అనుకుని ఒక్క 2గా తీసుకుంటాడు, చివరి 4 పోయి 294967297 మిగులుతుంది. ‘నయన నిగమ’ అనండి, నిగమమంటే వేదమే, 4. ‘చక్కగ’ యతి కోసం వచ్చిన మాట. పైగా ఈ సంఖ్యను భాగహీనమన్నదెవరో పద్యంలో లేదు. మూడో పాదం ఇలా మార్చవచ్చు:
సంఖ్య విరిగె, ఫెర్మ చాటిన మాటలో

ఛందోరుచి:
ఆరు నూర్ల పైన నలువది యొక్కటి
కెందు భాగ మరయ నేది లేదు
ఫెర్మ యైదవదగు పెనుసంఖ్య లోపల
భాగహీన సంఖ్య భాగమయ్యె

నిర్వాహకుడు: ఇక్కడ విరుపు అద్భుతం. భాగమైంది పెద్ద సంఖ్య కాదు, 641. అది నిజంగానే ప్రధాన సంఖ్య కాబట్టి సమస్యలోని వైరుధ్యం పూర్తిగా తొలగింది. కానీ మొదటి పాదంలో యతి తప్పింది: ‘నలువది’లోని న సంధివల్ల వచ్చింది కాదు, ‘ఆ’తో మైత్రి కుదరదు. రెండో పాదంలో గణితం తప్పింది: 1, 641 అనే భాగాలు ఉండనే ఉన్నాయి. సవరణ:
చంద్ర వేద రసపు సంఖ్యకు భాగము
లొకటి తాను దప్ప నొండు లేవు
‘ఐదవది’ అనడం చెల్లుతుంది, 3ను సున్నావదిగా లెక్కిస్తారు గనుక.

గణకమిత్ర: సవరణలు బాగున్నాయండీ. 641ను చేతిలెక్కతో సరిచూసే దారి ఏది?

ఛందోరుచి: 641 = 5 × 128 + 1, అలాగే 625 + 16. మొదటిదాన్ని బట్టి 641తో భాగించినప్పుడు 5 × 2^7 శేషం −1కి సమానం. నాలుగో ఘాతం తీస్తే 5^4 × 2^28 శేషం 1. రెండోదాన్ని బట్టి 5^4 బదులు −2^4 పెట్టండి: −2^32 శేషం 1, అంటే 2^32 + 1 నిశ్శేషం. ఇక వెతకడం అంటారా, ఈ సంఖ్య వర్గమూలం సుమారు 65536, ఆ లోపు 6542 ప్రధాన సంఖ్యలున్నాయి. కానీ ఈ సంఖ్య భాజకాలన్నీ 64క + 1 (క పూర్ణసంఖ్య) రూపంలోనే ఉండాలని ఆయిలర్ చూపాడు. ఆ రూపంలోని ప్రధానాలు 193, 257, 449, 577, 641. ఐదోదే తగులుతుంది.

నిర్వాహకుడు: 6700417 కూడా ప్రధానమే, కాబట్టి సమస్య దానికీ వర్తిస్తుంది. ఒకట్ల నుంచి 7, 1, 4, 0, 0, 7, 6. రెండు సున్నలకు గగనం, అంబరం వాడి ఎవరైనా పూరించండి.