బుల్లెట్ 350 ఇనుప బ్లాక్‌కి వేడికి ఆగే పెయింట్: ఏ డబ్బా కొనాలి, ఎలా కొట్టాలి?

లంకబుల్లెట్ (అమలాపురం):

నమస్కారమండి. బండి 1980ల నాటి బుల్లెట్ 350. బ్లాక్ (పిస్టన్ ఆడే సిలిండర్) ఇనుము, హెడ్డు, క్రాంక్‌కేసు అల్యూమినియం. ఇంజను మొత్తం విప్పి ఉంది, బ్లాక్ ఇంకా బోరింగ్‌కి (లోపలి గోడని మెషీన్ మీద కోసి సరిచేయడానికి) వెళ్లలేదు. ఇదివరకు ఎవరో బ్లాక్ మీద మామూలు నల్ల ఎనామిల్ కొట్టారు. సైలెన్సర్ పైపు వైపు ఫిన్స్ (చల్లబరిచే రెక్కలు) మీద అది గోధుమరంగుకి తిరిగి పెచ్చులుగా లేస్తోంది, కింద ఎర్ర తుప్పు. కార్బురేటర్ వైపేమో పెయింట్ మెత్తబడిపోయింది, గోటితో గీస్తే ముద్దగా వచ్చేస్తోంది.

షాపులో 300 డిగ్రీలు, 650 డిగ్రీలు అని రెండు రకాల స్ప్రే డబ్బాలు చూపించారు. ఎక్కువ డిగ్రీలది కొంటే ఇంకా గట్టిగా ఉంటుందనుకోవచ్చా? కింద రెడ్ ఆక్సైడ్ వెయ్యాలా? పౌడర్ కోటింగ్ చేయించెయ్యమని కొందరంటున్నారు, అది నయమా? హెడ్డుకి కూడా రంగు వెయ్యాలా? ఇప్పుడు వానలు, కొట్టొచ్చా, ఆగాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాలవగట్టు (రావులపాలెం):

డిగ్రీలు ఎక్కువున్న డబ్బా కొంటే ఎక్కువ గట్టిదనం రాదండి. ఈ పనిలో చాలామంది పొరపాటు పడేది అక్కడే. గాలితో చల్లబడే ఇంజనులో బ్లాక్ ఫిన్స్ మామూలుగా 150 నుంచి 200 డిగ్రీల మధ్య ఉంటాయి. పైపు తగిలే చోటు చుట్టుపక్కల ఇంకాస్త ఎక్కువ. మూడొందలు, నాలుగొందలు దాటేది సైలెన్సర్ పైపు మొదట్లో. 650 డిగ్రీల డబ్బా దానికోసం చేసింది. అది సిలికాన్ పెయింటు, బాగా కాల్చిన తర్వాతే గట్టిపడుతుంది. సరిగా కాలకపోతే పెట్రోల్ తగలగానే కరుగుతుంది. మీ బ్లాక్‌కి కార్బురేటర్ వైపు జరిగింది వేడి దెబ్బ కాదు, పెట్రోల్ దెబ్బ. కార్బురేటర్ పొంగి కారుతుంటే ఏ పెయింటైనా అక్కడే ముందు చస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టం ఆపే ఫ్లోట్, నీడిల్ సంగతి ముందు చూసుకోండి.

అందుకని బ్లాక్‌కి కావలసింది ‘ఇంజిన్ ఎనామెల్’ అని రాసి ఉన్న రకం. ఉదాహరణకి వీహెచ్‌టీ వాళ్ల ఇంజిన్ ఎనామెల్ 288 డిగ్రీల వరకు అని ఉంటుంది, అదే కంపెనీ ఫ్లేమ్‌ప్రూఫ్ 704 నుంచి 1093 అని ఉంటుంది. బ్లాక్‌కి మొదటిది, పైపుకి రెండోది. వేరే కంపెనీదైనా ఫరవాలేదు. చూడాల్సింది మూడే: ఎన్ని డిగ్రీలు, పెట్రోల్‌కి ఆగుతుందా, ఎంత వేడి దగ్గర ఎంతసేపు కాల్చాలి. ఈ మూడోది రాయని డబ్బా కొనకండి.

రెడ్ ఆక్సైడ్ వద్దు. అది గేట్లకీ గ్రిల్స్‌కీ వేసేది. వేడికి కింద పొర మాడి పొడైపోతే పైన ఎంత మంచి పెయింట్ ఉన్నా పెచ్చులా లేచి వస్తుంది. పాత పెయింటంతా ఊడగొట్టి నేరుగా ఇనుము మీద కొట్టాలి. ప్రైమర్ వెయ్యాలనుంటే అదే కంపెనీ వేడి ప్రైమర్ మాత్రమే.

పని వరుస ఇలా పెట్టుకోండి. ముందు బ్లాక్‌ని డీజిల్‌తో కడిగి జిడ్డు, మట్టి వదిలించండి. డీజిల్ దగ్గర ఆగిపోతే దాని జిడ్డు ఫిన్స్ మొదళ్లలో ఉండిపోతుంది, కాబట్టి మరుగునీళ్లలో బట్టల సబ్బుపొడి వేసి బ్రష్‌తో రెండుసార్లు తోమాలి. పాత ఇనుముకి సన్నసన్న రంధ్రాలుంటాయి, ఏళ్ల తరబడి పీల్చిన ఆయిల్ అందులోనే ఉంటుంది. కడిగి ఆరాక 150 డిగ్రీల దగ్గర ఓ గంట కాల్చి చూడండి, తడి మచ్చల్లా పైకి చెమరుస్తుంది. చల్లారాక మళ్లీ కడగండి. మచ్చలు రావడం ఆగిందాకా ఇదే పని. ఇది వదిలేస్తే పెయింట్ మీద చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. ఎన్ని కోట్లు కొట్టినా మూసుకోవు.

తర్వాత బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో సన్న గింజలు కొట్టి పెయింటూ తుప్పూ రాల్చడం. బోరింగ్‌కి ముందే చేయించాలి, ఎందుకంటే ఆ గింజలు బోరు గోడకి గుచ్చుకుంటే పిస్టన్‌ని కోసేస్తాయి. ముందే చేయిస్తే బోరింగ్‌లో ఆ పొర పోతుంది. బుల్లెట్ బ్లాక్‌లోనే పుష్‌రాడ్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) సొరంగాలుంటాయి కదా, అటూ ఇటూ రబ్బరు బిరడాలు కొట్టి మూసెయ్యండి, టాపెట్ గది మూత కూడా బిగించే పంపండి. ఒక్క గుప్పెడు గింజలు లోపల మిగిలినా ఆయిల్‌తో పాటు బిగ్ ఎండ్ (క్రాంక్ దగ్గరి బేరింగు) దాకా పోతాయి.

ఇంకో మాట. మనకి గోదారి ఇసుక దొరుకుతుంది కదా అని దాంతో బ్లాస్టింగ్ చేసేవాళ్లున్నారు. ఇసుక దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. సముద్రపు ఇసుకైతే అదొక్కటే కాదు, ఉప్పు కూడా ఇనుములోకి దిగుతుంది, పెయింట్ కింద నుంచి తుప్పు పొక్కులు లేస్తాయి. గ్లాస్ బీడ్ గానీ అల్యూమినియం ఆక్సైడ్ గానీ వాడే చోటికే ఇవ్వండి.

బోరింగ్, హోనింగ్ (బోరు గోడకి చివరి మెరుగు) అయ్యాకే పెయింట్. ముందు కొడితే మెషీన్ మీద బిగించేటప్పుడు అంచులు చెక్కుకుపోతాయి, కటింగ్ ఆయిల్ పట్టుకుంటుంది. హెడ్ గాస్కెట్ కూర్చునే చోటు, బేస్ గాస్కెట్ చోటు, నట్లు కూర్చునే చోట్లు అన్నీ టేప్ వేసి మూసెయ్యాలి. నట్టు కింద పెయింట్ ఉంటే వేడికి అణిగిపోయి బిగువు తగ్గుతుంది, ఆ తర్వాత గాస్కెట్ లీకు.

మండపేట_స్ప్రే:

పైన చెప్పిందంతా ఒప్పుకుంటాను. స్ప్రే కొట్టడం గురించి, పౌడర్ కోటింగ్ గురించి కొంచెం కలుపుతాను.

ఫిన్స్ మధ్య కొట్టడం గోడకి కొట్టినట్టు కాదండి. ఎదురుగా నిలబడి కొడితే అంచులకి మందంగా పడుతుంది, మొదళ్లలో ఇనుము అలాగే కనిపిస్తుంది. ముందు ఏటవాలుగా, ఓసారి పైనుంచి కిందికి, ఓసారి కిందనుంచి పైకి, మొదళ్లకి మాత్రమే పలచగా పొడిపొడిగా తగిలించాలి. డబ్బా 25 సెంటీమీటర్ల దూరంలో. పది నిమిషాలు ఆగి అలాగే ఇంకోటి. మూడోది మాత్రం ఎదురుగా, కాస్త తడి మెరుపు వచ్చేలా. అంతే, ఆపెయ్యాలి. ఇంకో కోటు వేస్తే బావుంటుందని చెయ్యి లాగుతుంది, అదే కొంప ముంచుతుంది. ఈ పెయింట్లు ఒక నిండు కోటు 20, 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మొత్తం 50 మైక్రాన్ల దగ్గర ఆగితే మంచిది. మందమైతే పైపొర ముందు ఆరి లోపల థిన్నర్ ఇరుక్కుంటుంది, వేడెక్కగానే బుడగలై పేలుతుంది. 400 మి.లీ. డబ్బా ఒకటి బ్లాక్‌కి సరిపోను మిగులుతుంది కూడా.

కోటుకీ కోటుకీ మధ్య టైము డబ్బా మీద చదవండి. చాలావాటి మీద గంటలోపు గానీ, లేదా వారం తర్వాత గానీ అని ఉంటుంది. మధ్యలో మర్నాడో ఎల్లుండో కొడితే కొత్త థిన్నర్ సగం ఆరిన పొరలోకి దిగి ముడతలు పడుతుంది, వడియాలు ఎండినట్టు.

పౌడర్ కోటింగ్ ఈ బ్లాక్‌కి వద్దు. కరెంటు చార్జితో పొడి అంటుకునే పద్ధతి కదా, ఫిన్స్ మధ్య లోతుల్లోకి పొడి వెళ్లదు, అంచులకే చేరుతుంది. పొర కూడా 60, 80 మైక్రాన్లు పడుతుంది. మామూలు పాలిస్టర్ పౌడర్‌ని ఓవెన్‌లో 180, 200 డిగ్రీల దగ్గర కొద్దిసేపే ఉంచుతారు. రోజూ గంటల తరబడి అంత వేడి తట్టుకోవడం వేరే సంగతి, రంగు తిరుగుతుంది. చాసిస్‌కి, స్టాండుకి, టూల్‌బాక్సుకి చేయించుకోండి, చక్కగా ఉంటుంది.

వెండిరంగు కావాలనుకునేవాళ్ల కోసం ఒక మాట. మా వైపు రైసు మిల్లుల బాయిలర్లకీ చిమ్నీలకీ వేసే హీట్ రెసిస్టింగ్ అల్యూమినియం పెయింట్ మంచి సరుకే. పెద్ద పెయింట్ షాపుల్లో ‘హెచ్‌ఆర్ సిల్వర్’ అని అడిగితే ఇస్తారు. డబ్బా మీద డిగ్రీలు, ఐఎస్ 13183 అని ఉందో లేదో చూడండి. గేట్లకి వేసే సిల్వర్, అదే పేస్టూ మీడియమూ విడివిడిగా ఉండే జంట డబ్బా, చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ ఇంజనుకి పనికిరాదు. హెచ్‌ఆర్ డబ్బాలో అల్యూమినియం అడుక్కి దిగిపోతుంది, పుల్లతో అడుగునుంచి ఐదు నిమిషాలైనా కలపాలి. బ్రష్‌తో వద్దు, మొదళ్లలో మడుగు కట్టి అక్కడే పొంగుతుంది. గన్నుతో పలచగా కొట్టండి.

బండికి అసలు రంగు ఏమిటో తెలియాలంటే బ్లాక్ అడుగున బేస్ దగ్గరో, టాపెట్ గది పక్కనో బ్లేడుతో మెల్లగా గీకి చూడండి. అన్నిటికన్నా కింది పొరే కంపెనీది.

తీరం (నరసాపురం):

వాన సంగతి నేను చెబుతానండి, ఉప్పుగాలి పక్కన ఉన్నవాళ్లం కాబట్టి.

వాన పడుతుందా లేదా అని కాదు చూడాల్సింది, గాలిలో చెమ్మ ఎంతుందని. లెక్క ఏమిటంటే, ఇనుము వేడి ఆ పూట మంచు బిందువు (గాలిలో చెమ్మ నీటిబొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్నపూట మంచు బిందువు సుమారు 27. అంటే ఇనుము కూడా 30 దగ్గరుంటే సరిగ్గా గట్టుమీద ఉన్నట్టు. స్ప్రేలో థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఇనుముని ఇంకా చల్లబరుస్తుంది, కంటికి కనపడని తడి పడుతుంది, పెయింట్ పాలిపోయి మెరుపు పోతుంది. చలికాలం పొద్దున్నే మంచులో కూడా ఇదే బాధ. తేమ కొలిచే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది, కొనుక్కోండి.

ఆగక్కర్లేదు. బ్లాక్‌నే వెచ్చబెట్టండి. ఓవెన్‌లోనో, హీట్ గన్‌తోనో 45, 50 డిగ్రీలకి తెచ్చి, చెయ్యి పెడితే చురుక్కుమనకుండా వెచ్చగా తగిలే స్థాయిలో, అప్పుడు కొట్టండి. మధ్యాహ్నం 11 నుంచి 3 లోపు పని ముగించండి. వెచ్చటి ఇనుము మీద పొర కారదు కూడా.

బ్లాస్టింగ్ గానీ తుప్పు తీసే పని గానీ అయిన ఇనుముని మన గాలిలో వదిలేస్తే కొన్ని గంటల్లోనే పసుపు పొర పట్టేస్తుంది. మీ వరుసలో బ్లాస్టింగ్‌కీ పెయింట్‌కీ మధ్య బోరింగ్ ఉంది కాబట్టి, బోరింగ్‌కి పంపేముందు పల్చగా ఆయిల్ పూసి, పాలిథిన్ సంచిలో కట్టి పంపండి. తిరిగొచ్చాక సబ్బునీళ్లతో కడిగి, హీట్ గన్‌తో ఆరబెట్టి, ఫిన్స్‌ని స్కాచ్‌బ్రైట్ (గరుకు పీచు) తో రుద్ది, తెల్ల గుడ్డని అసిటోన్‌లో తడిపి తుడవండి. గుడ్డ మీద నలుపు గానీ పసుపు గానీ రాకుండా పోయేదాకా గుడ్డలు మార్చండి. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, చేతి చెమటలో ఉప్పుంటుంది. రెండు గంటల్లోపు మొదటి కోటు పడాలి.

హెడ్డు అల్యూమినియం, దానికి రంగు వద్దనే నా మాట. గ్లాస్ బీడ్ చేయించి అలా వదిలెయ్యండి. శుభ్రం చేస్తామని ఎవరైనా కాస్టిక్ సోడాలో ముంచుతామంటే హెడ్డు ఇవ్వకండి, కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. మెరుపు నిలవాలని పైన క్లియర్ లక్క కొట్టేవాళ్లున్నారు, అది హెడ్డు వేడికి పచ్చబడి మచ్చలు పడుతుంది.

లంకబుల్లెట్ (అమలాపురం):

అందరికీ చాలా థాంక్సండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక్కటే మిగిలింది. కాల్చడం ఎలా? ఓవెన్ లేదు. ఇంజను బిగించేసి స్టార్ట్ చేస్తే ఆ వేడికే కాలిపోతుందని డబ్బా మీద కూడా ఉంది. అలా చేసెయ్యొచ్చా?

కాలవగట్టు (రావులపాలెం):

మీ బండికి మాత్రం వద్దు. డబ్బా మీద రాసింది పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట అలా స్టాండు మీద ఊరికే తిప్పమని. మీది కొత్త బోరు, కొత్త రింగులు. గాలి తగలకుండా నిలబెట్టి నెమ్మదిగా తిప్పితే రింగులు బోరుకి కూర్చోవు, గోడ నునుపెక్కిపోయి తర్వాత పొగ పెడుతుంది. ఒకచోటే వేడి పేరుకుంటే కొత్త పిస్టన్ పట్టేస్తుంది కూడా. పెయింట్ కోసం బోరు పాడుచేసుకోవద్దండి.

పాత ఓటీజీ (వంటింట్లో వాడే కరెంటు) ఓవెన్ ఒకటి చూసుకోండి, 30 లీటర్లది చాలు, 250 డిగ్రీల దాకా పోతుంది. కొలుచుకుని కొనండి, బ్లాక్ చుట్టూ రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. ఇక అది పెయింట్‌కే, మళ్లీ తిండి వండకూడదు. అదే కారణంగా బేకరీ ఓవెన్ అడగొద్దు. పౌడర్ కోటింగ్ షాపులో వాళ్ల సరుకుతో పాటు పెట్టమని అడగొచ్చు, కాకపోతే ఎన్ని డిగ్రీలో ముందే మాట్లాడుకోండి.

పెయింట్ కొట్టాక నీడలో కొన్ని గంటలు ఆరనివ్వండి. తడి పొరతో పెడితే థిన్నర్ ఆవిరికి ఎర్రగా కాలే కాయిల్ దగ్గర మంటలంటుకుంటాయి. లోపల పెట్టేముందు టేపంతా పీకెయ్యండి, లేకపోతే గమ్ము మాడి గాస్కెట్ ముఖానికి అతుక్కుంటుంది. బ్లాక్‌ని తలకిందులుగా పెట్టినా ఫిన్స్ ఏ కడ్డీకీ ఆనకూడదు, బోరు కింద రెండు బోల్టులు పెట్టి నిలబెట్టండి.

ఇంజిన్ ఎనామెల్‌కి మామూలుగా 93 డిగ్రీల దగ్గర 20 నిమిషాలంటారు. ఆ ఇరవై నిమిషాలు ఇనుము ఆ వేడికి చేరిన తర్వాత మొదలవుతాయి, ఓవెన్ స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. ఇంత బరువు ఇనుము వేడెక్కడానికే అరగంట పైన పడుతుంది. ఓవెన్ డయల్‌ని నమ్మొద్దు, మల్టీమీటరుకి వచ్చే థర్మోకపుల్ (వేడి కొలిచే) తీగ కొనని ఒక బోల్టుతో స్టడ్ రంధ్రం దగ్గర బిగించి చూసుకోండి. మెల్లగా పెంచండి, అయ్యాక తలుపు కాస్త తీసి అక్కడే చల్లారనివ్వండి. తలుపు తియ్యగానే బయటికి లాగి ఫ్యాన్ కింద పెట్టొద్దు. పొగ, వాసన వస్తాయి, పని వసారాలో పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

చల్లారిన వెంటనే బోరు గోడకి ఆయిల్ పూయాలి, ఒక్క రాత్రి వదిలేసినా తుప్పు తిరుగుతుంది. మర్నాడు బ్లాక్ అడుగున కనపడని చోట పెట్రోల్ తడిపిన గుడ్డతో అర నిమిషం రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటకపోతే కాలినట్టే. అంటితే ఇంకోసారి ఓవెన్‌లో పెట్టండి, ఈసారి ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ.

మండపేట_స్ప్రే:

గుడ్డకి రంగు అంటినా పైన మళ్లీ కోటు మాత్రం కొట్టకండి. ముందు కాల్చడమే.