జొన్నగిరే సువర్ణగిరి అని రాయవచ్చా?

తుగ్గలి మాస్టరు: బడి పిల్లల కోసం మా తట్టు ఊళ్ల చరిత్ర రాస్తున్నాను. "అశోకుడి కాలం నాటి సువర్ణగిరి మన జొన్నగిరే" అని మొదటి పేజీలోనే రాశాను. నిన్న తొమ్మిదో తరగతి పాప "సార్, ఆ మాట ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న బండ మీద ఉందా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. మీకెవరికైనా ఇట్లాంటిది ఎదురైందా?

గుత్తికోట: ఎర్రగుడి బండల మీద ఆ పేరు లేదు మాస్టారూ. అది కనిపించేది కర్ణాటకలోని బ్రహ్మగిరి, సిద్ధాపుర శాసనాల్లో. సువర్ణగిరి నుంచి ఆర్యపుత్రుడు (రాకుమారుడు), మహామాత్రులు (పెద్ద అధికారులు) ఇసిల అనే ఊళ్లోని మహామాత్రులకు కబురు పంపినట్టు ఉంటుంది, అంతే. ఆ ఊరు ఎక్కడుందో శాసనం చెప్పదు. పక్కనే ఇన్ని అశోక శాసనాలు, బంగారం ఉన్న నేల, కలిసే పేరు చూసి జొన్నగిరి అన్నారు. కర్ణాటకలోని కనకగిరి అనేవాళ్లూ ఉన్నారు.

ఎర్రగుడిలోనే ఇంకోటి చూడండి. అక్కడి లఘు శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. అది కళ్లెదుట ఉన్న సంగతి. చెక్కినవాడికి కుడి నుంచి ఎడమకు సాగే ఖరోష్ఠి లిపి రాసే అలవాటు ఉండొచ్చన్నది మాత్రం మన ఊహ. నేను పిల్లలను తీసుకుపోయినప్పుడు ఈ రెండూ విడివిడిగానే చెప్తాను.

రేనాటి బిడ్డ: మా కడప జిల్లా కలమళ్లలోని పాత తెలుగు శాసనంతో నేనూ దెబ్బ తిన్నాను. "క్రీ.శ. 575 అని రాతి మీద చెక్కారు" అని ఒక సభలో గట్టిగా చెప్పేశాను. రాతి మీద ఏ సంవత్సరమూ లేదు. అక్షరాల తీరు చూసి పండితులు ఆరో శతాబ్దం చివరి భాగమని లెక్కగట్టారు. ఆ లెక్కకు బలం ఉంది. కానీ "సుమారు" అనే మాట మింగేశాను. ఇప్పటికీ బాధే.

యాగంటి దారి: నంద్యాల జిల్లా జ్వాలాపురంలో కూడా అంతే. సుమారు 74,000 ఏళ్ల కిందటి తోబా (ఇండోనేషియా) అగ్నిపర్వతం బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చేసినవాళ్ల ఎముకలు దొరకలేదు. అందుకే వాళ్లు మనలాంటి మనుషులేనా అన్న వాదన తెగలేదు.

పెన్నేటి గట్టు: మా అవ్వ కథ చెప్తే ప్రతి మాటకూ "అంట" తగిలించేది. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇప్పటి కర్నూలు దగ్గరే ఇరుసులకు కందెన పూసుకునేవంట, అందుకే ఆ ఊరు కందనవోలు అయిందంట. తను చూడలేదని, విన్నదేనని ఆ ఒక్క మాటతో తెలిసిపోయేది. మనం అచ్చు వేసేటప్పుడు ఆ "అంట" కొట్టేసి "అయింది" అని రాస్తున్నాం. మాస్టారూ, కథను తీసేయొద్దు. "అంట"ను మాత్రం వదలొద్దు.

తుగ్గలి మాస్టరు: మొదటి పేజీ మార్చాను. "సువర్ణగిరి పేరు బ్రహ్మగిరి శాసనంలో ఉంది. అది మన జొన్నగిరి కావచ్చని కొందరు పండితుల అభిప్రాయం. కనకగిరి అని మరికొందరు అంటారు." రేపు ఆ పాపతోనే క్లాసులో చదివిస్తాను. గుత్తికోట గారూ, ఆ అటూ ఇటూ తిరిగే వరుసల ఫొటో ఉంటే పెట్టండి.